మూడో కప్పు

ఫర్వానియాలో జుమ్మా సెలవు.
ఆరుగురి గదిలో ఐదుగురు నిద్ర.
కిటికీకి అతికించిన వెండికాగితం
ఎండను బయటే నిలబెట్టింది.

ఫోన్లో ఆ సీరియల్ మళ్ళీ దొరికింది.
రెండో భాగం. పడవ కింద పిల్ల చెప్పులు దొరికే భాగం.
ఇయర్‌ఫోన్ ఒకటే పనిచేస్తాది, ఎడమ చెవిది.

మొదట చూసినప్పుడు నేను దిగి రెండు నెలలు.
జాబ్రియాలో పెద్దిల్లు.
అరబ్బీలో నాకు వచ్చినవి నాలుగు మాటలు:
తే, పో, కడుగు, బిరీన.
లుల్వాకు పద్నాలుగేండ్లు. చీకట్లో ఒక్కతే చూడాలంటే భయం.
ఓబ్లా, ఓబ్లా, అని పిలిచి
మంచం కాళ్ళకాడ నేలమీద కూచోబెట్టుకునేది.
ఓబుళమ్మ అనే పేరు ఆ నోట్లో పట్టలా.

తెరమీద అంతా ఆ ఈడు పిల్లోళ్ళే.
టార్చిలైట్లు, సైకిళ్ళు, నోట్లోంచి పొగలొచ్చే చలి,
తప్పిపోయిన పిల్ల ఫొటో చుట్టూ ఎర్ర దారాలు.
అరబ్బీలోనే మాట్లాడుతుండ్రి, నాకేం తెలుసు.
నా కత నేను అల్లుకున్నా.
పొడుగాటి సంగీతం సారే దొంగ అన్నా.
మా రాయచోటిలో చీటీల డబ్బుతో పారిపోయినోని మొగం
అచ్చం అదే.
పోలీసాయన పెండ్లాం ఏడుస్తాంటే
పిల్ల తల్లి ఈమే అనుకోని నేనూ ఏడ్చినా.
లుల్వా పడీపడీ నవ్వింది. లా, ఓబ్లా, లా.
తల్లి వేరే అంట.
తల్లి ఏడవలేదంట.

పదకొండేండ్లయింది.
ఇప్పుడు మాటలన్నీ తెలుస్తాండాయి.
సంగీతం సారు మంచోడు.
ఆ పిల్లకు గొంతుంది, దాన్ని వినే ఇల్లే లేదు, అంటాడు.
ఇన్నేండ్లూ నా కతలో ఆయన జైల్లోనే ఉన్నాడు.
పాపమని ఈ పొద్దు విడిపించినా.

పన్నెండో నిమిషం.
పెద్దింట్లోకి పిల్లోళ్ళు పోయి అందర్నీ అడుగుతారు.
నాయన్ని, అన్నని, పక్కింటి ముసలాయన్ని.
కుక్కను కూడా, దాని గొలుసు పట్టుకొని, నువ్వేం చూసినావని.
అప్పుడొకామె ట్రే పట్టుకొని వస్తాది,
బల్లమీద పెడతాది, పోతాది.
మొగం మసక. మాట లేదు.
ఆమెను ఎవరూ అడగలా.
ఆ పొద్దు నేనూ చూళ్ళా.

మా ఇంట్లో అట్ల కాదు.
ఆ చలికాలం మామా బంగారు కంకణం పోయింది.
నన్నొక్కదాన్నే అడిగినారు.
నా సంచి, నా పరుపు, బియ్యం డబ్బా అడుగు దాకా.
లుల్వా మెట్లమీద నిలబడి
గోరు రంగు గీక్కుంటా ఉండె.
ఉతికేముందు జేబులు చూడడం నా అలవాటు.
ఆ పిల్ల ప్యాంటులో నాలుగు మడతల కాగితం,
నగలంగడి ముద్ర, కింద అంకెలు.
చదువు రాకపోయినా అంకెలు వస్తాయి కదా.
మడత విప్పినట్లు తెలీకుండా మళ్ళీ మడిచి
దాని లెక్కల పుస్తకంలో పెట్టినా.
చెప్పలా.
ఎందుకు చెప్పలేదో ఎవరైనా దారాలు కట్టి కనుక్కోవాల.
మూడు నెలల జీతం పట్టుకున్నారు.

ఆ రాత్రి మూడో భాగం.
ఓబ్లా, అని పిలిచింది, మెల్లగా.
దుప్పటి పక్కకు జరిపి
మంచంమీదనే చోటు చూపించింది.
తెరకల్లే చూస్తానే ఉంది, నాకల్లే కాదు.
పరుపు ఎంత మెత్తగా ఉంటాదో
ఆ పొద్దే తెలిసింది నాకు. రోజూ పరిచేదాన్నే గానీ.

మళ్ళీ వెనక్కి జరిపినా, పన్నెండో నిమిషానికి.
ట్రే దగ్గర ఆపినా.
మూడు కప్పులు.
గదిలో చూస్తే నాయన, అన్న. ఇద్దరే.
పిల్లోళ్ళు ఇంకా గడప దాటలా.
ఇరవై భాగాలు చూసినా, ఈ కప్పు ఊసు ఎవరూ ఎత్తలా.
తీసినోళ్ళు మర్చిపోయింటారా? కావచ్చు.
కానీ ఆమె లెక్క తప్పదు,
కడిగేది ఆమే గదా.

పక్క మంచంమీద నాగూర్‌బీని లేపి చూపించినా.
కండ్లు నలుపుకుంటా చూసింది.
"మూడు," అనింది.
"లోపలి గదిలో ఎవరో ఉండార్లే. పండుకో."