అద్దకం

శుక్రవారం రాత్రి కరెంటు పోయింది.
దుఫియె పిన్ని కొవ్వొత్తి నా చేతికిచ్చి
రేకుపెట్టె మూత ఎత్తింది.
కలరా ఉండల వాసన, పాత గంజి వాసన,
ఏ విందులోనో ఒలికిన పామాయిల్ వాసన.

రేపు రెండు పనులు.
తెల్లవారకముందే ఇక్కడ కుమాసిలో
మా అక్క బిడ్డకు పేరు పెట్టడం,
మధ్యాహ్నం మాంపోంగ్‌లో ఒక చావు.

మొదటిదానికి ఆలోచనక్కర్లేదు.
ఎనిమిది రోజుల పసిదాని ముందు తెలుపే.
నాలుక మీద ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క సారా వేసి
ఇది నీళ్లు, ఇది సారా, నిజం చెప్పు తల్లీ
అని నేర్పే చోట
బట్ట కూడా అబద్ధమాడకూడదంటుంది పిన్ని.

నేను కెంటె తీయబోతే చేతి మీద ఒక్కటేసింది.
"పొద్దున్నే దేనికే అంత బంగారం?"
బెత్తెడు బెత్తెడు పట్టీలు కలిపి కుట్టిన ఆ బరువుని
మేనమామ పీఠమెక్కిన రోజు కట్టిందట.
"ఇంక నీ పెళ్లికే.
నువ్వు చేసుకుంటే."

మా దగ్గర అచ్చుబట్టలకి పేర్లుంటాయి, మనుషులకున్నట్టే.
'డబ్బుకు రెక్కలు' అన్నదాన్ని
అప్పు ఎగ్గొట్టిన మరిది ఇంటికి
మూడు ఆదివారాలు వరసగా కట్టుకెళ్లింది పిన్ని.
ఒక్క మాట అనలేదు.
నాలుగో వారం సగం తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నం సంగతే తేలలేదు.
పోయినాయన అడొమాకో, కలప లారీ డ్రైవరు.
తొంభై దాటి ఉంటే
తెలుపూ నలుపూ కలిపి కట్టి నవ్వుతూ సాగనంపొచ్చు.
డెబ్బై ఒకటి. నవ్వడానికి చాలదు.
ఎరుపు సొంతవాళ్లది.
పిన్ని ఎరుపు మీద చెయ్యి పెట్టింది,
కాసేపు అలాగే ఉంచి
తీసేసింది.

అట్టడుగున పాత పేపర్లో చుట్టి ఉంది, నల్లది.
"ఇదెప్పుడు కొన్నావు?"
"కొనలేదు. అద్దించా."
ఎన్టొన్సోలో ఇనప పీపాల్లో బెరడు ఉడికించి
ముంచి, ఆరేసి, మళ్లీ ముంచే వాళ్లచేత.
ఆయన ఆసుపత్రిలో చేరాడని తెలిసిన వారమే.
"అప్పటికింకా బతికే ఉన్నాడుగా!"
"అద్దకం ఆరాలంటే ఎండ కావాలి," అంది పిన్ని.
"జూన్‌లో అన్నీ వానలే."

కొవ్వొత్తి నా వేళ్ల దాకా వచ్చేసింది.

పొద్దున తెల్లబట్ట భుజం మీద పసిది పాలు కక్కింది.
పిన్ని తుడవలేదు,
మరక లోపలికి పోయేలా మడిచి నా సంచిలో పెట్టింది.
అక్క ఇంటి వెనకగదిలో నలుపు చుట్టుకుని
బయటికి వచ్చేసరికి
పది నిమిషాల్లో పదేళ్లు పెరిగినట్టుంది.

మాంపోంగ్‌లో షామియానాలు, అద్దె కుర్చీలు,
గుండెల్లో కొట్టే స్పీకర్లు.
చదివింపులు మైకులో వినిపిస్తున్నారు:
దుఫియె, కుమాసి నుంచి, యాభై సెడీలు.
ఏమవుతుందో చెప్పలేదు. కాగితంలో అది రాయలేదు.

కుడి నుంచి ఎడమకి చేతులు కలుపుతూ వెళ్లాం.
షామియానా చిరుగులోంచి ఎండ
సరిగ్గా ఆవిడ ముందే పడింది, ఎర్రబట్టలో ఉన్న ఆయన భార్య ముందు.
అప్పుడు కనబడింది నాకు.
నలుపు కింద, నీళ్లలో చేపలు మెదిలినట్టు,
వరసలు వరసలుగా పూసల దండలు.
ఆ అచ్చు పేరు చిన్నపిల్లలకీ తెలుసు:
'మంచి పూసలు చప్పుడు చేయవు'.

ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.
పిన్ని భుజం మీది మడతని
పేపరు చదివినట్టు చదివింది.
నా ఊపిరి ఆగింది.

"ఆ ట్రిప్పులో రెండు తెచ్చాడన్నమాట," అందావిడ.
"నాది ఎప్పుడో పోయింది.
పెద్దాడు పుట్టినప్పుడు
పొత్తిగుడ్డల కింద చింపేశా."

పిన్ని ఏమీ అనలేదు.

పక్క కుర్చీలో ఉన్న తన చేతిసంచి తీసి
ఆవిడ కింద పెట్టుకుంది.