రెల్లు కోత

మ్కూజే ఏటి మలుపులో
నడుంలోతు నీళ్లలో రెల్లు కోస్తోంది
మా అమ్మమ్మ, గోగో జిబుయిలే.
ఆ పేరుకి ఆవులు తిరిగొచ్చాయని అర్థం.
ఏ ఆవులూ రాలేదు. యాభై ఏళ్లుగా చాపలల్లుతోంది.

ప్రతి దుబ్బులో ఒక్క గడ వదిలేస్తుంది.
"మొట్టమొదటివాడు, ఉంకులుంకులు,
రెల్లు చీల్చుకునే బయటపడ్డాడు.
లోపల ఇంకెవరైనా మిగిలారేమో, ఎవరికి తెలుసు?"
మా భాషలో రెల్లుకీ జాతికీ ఒకటే మాట.

ఊసరవెల్లి మీద మాత్రం ఆమెకి తీరని కోపం.
మనుషులు చావరనే కబురు మోసుకుని బయల్దేరి
దారిలో పళ్ల పొద దగ్గర ఆగిపోయిందట.
ఈలోగా బల్లి పరుగున వచ్చి
చస్తారని చెప్పేసింది.
నోరు దాటిన మాట వెనక్కి పోదు కదా.
అందుకే చిన్నప్పుడు దొరికిన ప్రతి ఊసరవెల్లి నోట్లో
నశ్యం కుక్కేదట.
ఇప్పుడు తనే పీలుస్తుంది. ధర పెరిగింది.

ఆ రోజు వంతెన మీద ఒక లారీ ఆగింది.
టైరు పంక్చరు. డ్రైవరు కలొంబో,
కాంగో నుంచి రాగి దిమ్మెలతో
రిచర్డ్స్ బే రేవుకి. ఈ దారికి కొత్త,
మా మాట ఒక్కటీ రాదు.
డబ్బా పట్టుకుని నీళ్లకోసం గట్టు దిగి
ఉన్నట్టుండి అరిచాడు:
"న్యోకా!"

గోగో ఆలోచించలేదు. వెనక్కి దూకింది.
అంతకుముందు ఆమె చెయ్యి ఉన్న చోటు నుంచి
మాంబా ఒకటి
నీటిమీద గీత గీసుకుంటూ వెళ్లిపోయింది.

గట్టుమీద ఊపిరి అందాక అనుమానమొచ్చింది.
"పాముని ఇన్యోకా అంటారని నీకెవరు నేర్పారు?"
అతనికి ప్రశ్న అందలేదు.
ఎక్కడివాడివని అడిగిందనుకున్నాడేమో
ఉత్తరం వైపు చెయ్యి చాచాడు.

ఆ చేతి వెంట చూశాను.
సరస్సులు, ఎండు గడ్డి, ఇనుము కరిగిన కొలుములు,
విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని
తరానికో ఏరు దాటుతున్న ఆడవాళ్లు,
చంటివాడి రెక్క పట్టి లాగుతూ
అదే కేక.
ఎన్ని వేల ఏళ్లు నడిచిందో ఆ మాట,
ఎక్కడెక్కడ ఆగిందో, ఏ పళ్లు తిన్నదో,
వేళకే వచ్చింది.

పోతూ పోతూ చాప బేరమాడాడు.
గోగో మూడు వేళ్లెత్తి "థాథు" అంది, మూడు నోట్లని.
"సాతు?" అన్నాడతను, తనూ మూడు వేళ్లెత్తి.
ఇద్దరూ ఒకళ్ల వేళ్లు ఒకళ్లు చూసుకుని
పడీపడీ నవ్వారు.
ఒక్క అక్షరం మాత్రం ఏ ఏట్లోనో తడిసి మారినట్టుంది.

రెండుకిమ్మని బతిమాలాడు.
"పాము సంగతి వేరు, చాప సంగతి వేరు" అంది గోగో.
పైసా తగ్గించలేదు.