ఇదా, ఇందాకటిదా?

ఆప్టోమెట్రీ సీట్ల జాబితా
నా పేరుకు నాలుగు పేర్ల ముందే ఆగిపోయింది.
ఆ వార్త మా గుణుపురంలో
మూడు వీధులు తిరిగేసరికి
"ఫెయిలైపోనాదట" అయింది.

ఆషాఢం వానలో గొడుగు ముడిచి
బెహరా గారి కళ్లద్దాల కొట్టు మెట్లెక్కాను.
పెదాల మధ్య చిన్న స్క్రూ పట్టుకుని
తలెత్తకుండానే అన్నారు:
"జీతం లేదు. టీ ఉంది. తుడవడం వచ్చా?"

రాదని తేలింది.
అద్దాన్ని అంచుల్తోనే పట్టుకోవాలి.
మధ్యలో వేలు పడితే
మళ్లీ మొదట్నించి.
ప్లస్సుకి నల్లంచు, మైనస్సుకి ఎర్రంచు.
కళ్లు మూసుకుని, ఒట్టి వేళ్లతో
ఏది నడుమ లావో, ఏది అంచున లావో చెప్పిన రోజు
రెండో టీ తెప్పించారు.
అప్పటికి దసరా వెళ్లిపోయింది.

సంతరోజు కొండ దిగి వచ్చింది సొంబారి.
ఆమెకి తెలుగు కొంచెం, ఒడియా ఇంకొంచెం,
నాకు సవర మాట ఒక్కటీ రాదు.
గోడమీద మూడు కాళ్ల గుర్తు,
ఏ బళ్లోనూ దిద్దించని అక్షరం.
కాళ్లెటున్నాయో చేత్తో చూపించమన్నాను.
కొండవైపు, ఏటివైపు, మీదికి, నేలకి,
అట్టడుగు వరస దాకా ఒక్కటీ తప్పలేదు.
ఎదుటి గట్టు మీద మేక ఎవరిదో చెప్పగలదు,
చేతిలో సూది బెజ్జమే దొరకదు.
ఒక అద్దం వేశాను. తీసి, ఇంకోటి వేశాను.
"ఇదా? ఇందాకటిదా?"
జవాబు చెప్పలేదు.
కొంగున గుచ్చిన సూది తీసి
దారం ఎక్కించుకుని
పూసలు మొదలెట్టేసింది, అక్కడే, బల్లమీద.

లారీ దండాసి అలా కాదు.
లైసెన్సు కాగితం కోసం వచ్చి
చార్టంతా గడగడా అప్పజెప్పేశాడు.
ఎందుకో అనుమానమొచ్చి తలకిందులు చేశాను.
అదే పాఠం మళ్లీ అప్పజెప్పాడు.
"సంతకం ఎట్టించండమ్మా, ఇంటికాడ ఐదుగురం."
బెహరా గారు పెన్ను మూత తియ్యలేదు.
అద్దాలు కొనుక్కోడానికి వెళ్లాడో
సంతకం దొరికే చోటికి వెళ్లాడో తెలీదు.
రాయగడ రోడ్డు మలుపులో
రాత్రి హారను వినబడితే
ఇప్పటికీ మెలకువొస్తుంది.

ఆ రాత్రే అనిపించింది,
పోయినేడు పరీక్ష హాల్లో నేనూ దండాసినేనని.
కాంతి వక్రీభవనం, పేజీతో సహా కంఠతా.
తిరగేసి అడిగితే నోట మాట లేదు.
పుస్తకం మళ్లీ తీశాను, కౌంటరు మీద,
బేరాలు లేని మధ్యాహ్నాలు.
ఒకసారి వంశధారలో మోకాలిలోతు దిగి
నీళ్లలో నా కాలు వంకర తిరిగి కనబడితే
ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లంతా చూస్తుండగా
పిచ్చిదానిలా నవ్వాను.

ఈసారి జాబితాలో పేరుంది. చాలా కిందే, ఉంది.
బెహరా గారు ఏమీ అనలేదు.
అద్దాలు తుడిచే పసుపు గుడ్డ ఒకటి
మడతపెట్టి నా సంచిలో కుక్కారు.

ప్రయాణానికి ముందురోజు గవరమ్మ పిన్ని వచ్చింది.
గడపకి బదులు పక్కనున్న చెప్పుల మీద కాలేసి, తూలి,
గోడ పట్టుకుని అంది:
"ఏటే, ఏడాది దండగైపోనాది గదా!"

కూచో పిన్నీ, అన్నాను.
ఎడమ కన్ను ముయ్యి.
వేళ్లతో కాదు,
అరచేత్తో.