రెండో బ్యాటరీ

కారుల కరెంటు పోతే పక్కకు ఆపుకోవచ్చు.
షార్జా సనయ్యల ఇరవై రెండేండ్లు
ఆ ఒక్క ధైర్యం మీదనే వైర్లు కలిపిన.
ఉబైద్ సాబ్ షెడ్డుల
రెక్కలింక తగిలియ్యని విమానం ముందర నిలవడ్డంక
నన్ను నేనే అడుగుకున్న:
పక్కకు అంటే ఎక్కడ?

ఉమ్ అల్ కువైన్. ఆగస్టు.
పానా ముట్టాలంటే తడిగుడ్డ కావాలె.
ఉప్పునీళ్ళ ప్లాంటుల ఇంజనీరు పని దిగిపోయి
పెట్టెలల్ల తెప్పించుకొని, రివెట్టు వెనుక రివెట్టు
నాలుగేండ్లు కూర్చిండు దీన్ని.
వైర్లకాడికి వచ్చి ఆగిండు.
ఎవరో చెప్పిన్రట, పోశెట్టి అనేటోడు
మాడిన వైరును వాసన తోని పట్టుకుంటడని.

ఈ ఇంజనుకు మాగ్నెటో లేదు.
నిప్పురవ్వ కరెంటుదే, పెట్రోలు పంపు కరెంటుదే.
అది ఆగితే
ఇగ గాలి, నువ్వు, కింద సముద్రం.

ఆయన గీసిన బొమ్మల రెండు బ్యాటరీలు
జోడెడ్ల లెక్క ఒకే కాడికి కట్టి ఉన్నయి.
"రెండుంటె బలం రెట్టింపు" అన్నడు.
కాదు సాబ్ అన్న.
తాను చెడ్డ కోతి వనమెల్ల చెరిచినట్టు
ఒకదాంట్ల సెల్లు షార్టయితే
రెండోదాన్ని గూడ అదే తాగుతది.
ఒకటి సచ్చిన సంగతి
ఇంకోదానికి తెల్వకుండ ఉండాలె.
నా హిందీ ఆయనకు ఎంత అందిందో,
రబ్బరు తీసి గీతను నడుమ తుడిచిండు.

అప్పటిసంది శుక్రవారం నమాజయినంక
మాది ఒక్కటే ఆట.
నేను బొమ్మ మీద వేలు పెడుత: ఇది తెగింది. ఏం మిగిలింది?
చెప్పలేకపోతే ఆయన మళ్ళ గీయాలె.
రిలే అతుక్కపోయింది, ఏం మిగిలింది?
డయోడు మాడింది, ఏం మిగిలింది?
నట్టు వదులైంది...
రెండు బ్యాటరీలకు ఒక్కటే ఎర్తు నట్టు!
ఆ దినం చానాసేపు ఇద్దరం మాట్లాడలె.
దొంగ దొరికిండని సంబురపడాల్నా,
ఇన్ని వారాలు ఇంట్లనే తిన్నడని భయపడాల్నా.

తర్వాత కోత.
పెద్ద స్క్రీను తీసేసినం, దీపాలు తీసేసినం.
ముచ్చటపడి కొన్న సీటు ఫ్యాను కాడ మాత్రం
ఆయన పెన్సిలు ఆగింది.
నేను చాయ్ పొయ్యనీకి లేచిన.
వచ్చేవరకు అదీ కొట్టేసి ఉంది.
ఇరవై ఆరు ఆంపియర్లు పదకొండుకు దిగినయి.

సెప్టెంబరుల పరీక్ష.
పెట్రోలు ఒక డబ్బాల నుంచి ఇంకో డబ్బాలకు,
మొదటి బ్యాటరీ మీద డెబ్బై ఒక్క నిమిషాలు పంపు గుయ్యిమన్నది.
ఖలాస్ అని చేతులు తుడుచుకున్నడు.
రెండోది గూడ చూద్దాం సాబ్ అన్న.
అదే కంపిని, అదే తారీకు,
ఎండాకాలమంతా రేకుల కింద ఊకనే కూసున్నది.
డబ్బ మీద పద్దెనిమిది అని అచ్చు.
ఎండకు చదువు రాదు.

ముప్పై ఎనిమిదో నిమిషంల పంపు గొంతు మారింది.
వాళ్ళ నాయిన ముత్యాలకు పోయిన దీవికి
ఆయన లెక్క నలభై.
వాకిట్ల నిలవడి చానాసేపు నీళ్ళదిక్కు చూసిండు.
నేను బల్బు తీసేసిన, మీటరు మూసిన.

కొత్తదాని మీద మార్కరుతోని తారీకు రాసుకున్నడు,
వచ్చే ఎండాకాలం రాకముందుకే మార్చేటట్టు.
పాతది నా పికప్పుల ఉన్నది ఇప్పుడు.
సెల్ఫు కొట్టంగనే లేస్తది.
పక్కకు ఆపుకునేటోనికి అది చాలు.