పరగడుపు

ఏడున్నరకి ల్యాబ్ షట్టరెత్తేసరికి
మెట్ల మీద పదకొండు మంది.
మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ అని
ముందే చెప్పేస్తారు, నోము పట్టినట్టు.
పాలకొండ బస్సు దుమ్ము లేపి పోతుంది.
నేను సూదులు విప్పుకుంటాను.

రక్తం గొట్టంలో పోసి గిర్రున తిప్పితే
ఎరుపు అడుక్కి దిగి పైన తేట నిలవాలి,
పలచగా, ఎండుగడ్డి రంగులో,
గొట్టం వెనక వేలు కనిపించేలా.
ఈమధ్య కొందరికి తేట రావడం లేదు.
గెంజి వస్తోంది.
అచ్చం గెంజి.
మా మామ్మ సూరీడమ్మ అన్నం వార్చి
ఉప్పుగల్లు వేసుకుని
నిలబడే తాగి ఊడ్పులకి పోయిన గెంజి.
మా ఇంట్లో వార్చడం మానేసి ఎన్నేళ్ళయిందో,
ఇదిగో ఇక్కడ దొరికింది
ఇరవై రెండేళ్ళ ఇంజనీరింగు కుర్రాడి
మోచేతి మడతలో.

"క్రియాటినిన్ ఎంతండీ?" అంటాడు వాళ్ళ నాన్న.
మా జిల్లాలో ఆ మాటకి నోరు తిరగనివాళ్ళు లేరు.
ట్రైగ్లిజరైడ్స్ అంటే మాత్రం
ఎవరిదో ఇంటిపేరు విన్నట్టు చూస్తాడు.

ఎనిమిదో నంబరు దాలినాయుడు.
రసీదు మీద ఫాస్టింగ్,
డే అండ్ నైట్ జంక్షన్లో ఆయన బండి మీద ఫాస్ట్‌ఫుడ్.
ఇంగ్లీషులో రెండూ చుట్టాలేమో నాకు తెలీదు.
"రాత్రి ఎన్నింటికి తిన్నారు?"
"ఒంటిగంటన్నరకమ్మా. బండి కడిగీసి,
మిగిలింది తినీసి తొంగున్నాను."
"ఏం మిగిలింది?"
"ఏటి మిగుల్తాది? నూడుల్సే."
పన్నెండు గంటలు ఖాళీ కడుపు కావాలి,
ఎనిమిదికే తినేసి రేపు రండి అన్నాను.
"ఎనిమిదికి నాను తింతే ఊరికెవుడెడతాడమ్మా?"
పోనీ మధ్యాహ్నం రెండింటికి రండి.
"రెండింటికి కోడొస్తాది. కేబేజీ తరగాల."
వేళ్ళ మీద లెక్కేశాను.
పద్నాలుగేళ్ళుగా ఈ మనిషికి
పరగడుపు అనే గంటే లేదు.

బైపాసు మీద గాజు గోడల షాపొకటి వచ్చింది,
బకెట్లో కోడి పెడతారు.
అక్కడ మూడ్రోజులు కాగిన నూనె
నల్లబడ్డాక వెనక తలుపులోంచి
డబ్బాల్లో బయటికొస్తుంది, సగం ధరకి.
దాలినాయుడి మూకుట్లో మళ్ళీ పుడుతుంది,
హాస్టలు పిల్లల ప్లేట్లలోకి జారుతుంది,
తర్వాత నా దగ్గరికే.
ఈ దారి రాయడానికి
నా రిపోర్టులో గడి లేదు.
ఎర్ర సాసు, టేస్టింగ్ సాల్టు వేసుకుని
కంపెనీ కుర్రాడు బైకు మీద వస్తాడు.
బండికి గొడుగు ఊరికే ఇచ్చాడు.
గొడుగు మీద కూల్‌డ్రింకు పట్టుకుని ఓ అమ్మాయి,
పళ్ళన్నీ ఉన్నాయి.

ఇవన్నీ తెలుసు నాకు.
తెలిసి ఏం లాభం,
రాత్రి తొమ్మిదింటికి షట్టరు దింపి
ఆమదాలవలస ఆటో కోసం నిలబడితే
పొద్దుటి ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయి,
ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే ఓపిక లేక,
ఆ మూకుడు మీద గరిటె మోత వినగానే
కాళ్ళు నన్నడగవు.
తిన్నావా అని ఈ ఊళ్ళో నన్నడిగేది
ఆ మోతొక్కటే,
అరవై రూపాయలకి, అయిదు నిమిషాల్లో.

మంట మనిషెత్తు లేచింది.
అవతల దాలినాయుడి మొహం,
నన్ను చూసి కాస్త తప్పుకున్నట్టు.
"మీకు నూనె తక్కువేస్తానులెండి" అన్నాడు
ఎవరికీ వినపడకుండా.
పక్కన మెళియాపుట్టి కుర్రాడొకడు,
హాస్టలు సాంబారుకి మొహం మొత్తినవాడు,
ప్లేటు చాచి "అన్నా, నాకు దండిగెయ్" అన్నాడు.
నాకు తగ్గిన గరిటె వాడికి పడిందా,
నేను తలెత్తి చూళ్ళేదు.

తిన్నాను.
బాగుంది.

సంచిలో రేపటి గొట్టం ఒకటి,
చీటీ మీద ఆయన పేరు ముందే రాసి ఉంచాను.
వయసు నలభై ఆరు.
ఆఖరున తిన్న టైము
ఖాళీ.