ఒక్క ఊదు

మంగళవారం పొద్దున్నే ఆరున్నరకి
కసాయిశాల నుంచి మంచుడబ్బా వస్తుంది.
పన్నెండు పందికళ్ళు. సంతకం పెట్టి తీసుకుంటాను.
కిటికీ బయట గ్దాన్‌స్క్ ఓడరేవు క్రేన్లు
ఇంకా నిద్రలేవని కొంగల్లా, ఒంటికాలి మీద.

కార్నియాని సన్నని పట్టీలుగా కోసి
రెండు బిగింపుల మధ్య పెట్టి లాగుతాను.
మొదట మెత్తగా వస్తుంది, మొహమాటపడ్డట్టు.
తర్వాత మొండికేస్తుంది.
ఆ మలుపు దగ్గరే ఉంది నా జీతమంతా.

ఇన్నేళ్ళు లాగి లాగి తెలుసుకున్నది ఒక్కటే:
పొరంతా ఒకే బలం కాదు.
ముందువైపు మూడోవంతులో నారలు
ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా
చేపలబుట్టలా అల్లుకుని ఉంటాయి.
వెనకవైపు, దువ్విన జుట్టు.
పక్కపక్కనే పడుకుంటాయి, పట్టుకోవు.
లేజరు చెక్కేది చూపు కోసమే, నిజమే.
చెక్కేది మాత్రం ముందువైపునే.

నాకూ చేశారు, ఇరవయ్యారో ఏట, వార్సాలో.
మూత తెరిచారు, చెక్కారు, మూశారు.
టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.
మర్నాడు ట్రాము నంబరు వీధి ఆ చివరినుంచే చదివేసి
నడిరోడ్డు మీద పకపకా నవ్వాను.
మూత మూసుకుంది, అంచున సన్నని మచ్చతో.
తెగిన నారలే మళ్ళీ చేతులు కలపలేదు.
నేర్పున్న వేళ్ళు ఇవాళ్టికీ
ఆ అంచు వెతికి లేపగలవు.
ఈ మాట ఎవరితోనూ అనను.
భయపడడానికి కాదుగా మనుషులు వచ్చేది.

గురువారం ఆసుపత్రిలో.
గాలియంత్రం ముందు వరసగా గడ్డాలు ఆనిస్తారు.
ఒక్క ఊదు. ఉలిక్కిపడతారు. అంతే.
ఆ ఉలికిపాటు కన్నా ముందే, రెప్పకి కబురు అందకముందే
కార్నియా గుంటపడి, లేచి, సర్దుకుంటుంది.
ఎంత లోతుకి వంగింది, ఎంత బిగువుగా తిరిగొచ్చింది,
వచ్చాక ఎంత వణికింది,
అన్నీ కెమెరాకి తెలుసు.

తెరచాపలు కుట్టే లుబోమిర్ వచ్చాడు ఒకసారి.
బొటనవేలి నిండా మైనం, సూదిపోట్లు.
ఉప్పుగాలిలో కళ్ళద్దాలు తుడిచీ తుడిచీ విసిగిపోయాడట.
మందం ఐదువందల అరవై మైక్రాన్లు.
కాయితం మీద దర్జాగా ఉంది.
యంత్రం ఊదింది.
గుంట లోతుగా పడింది. నింపాదిగా లేచింది,
ఆదివారం పక్క మీంచి లేచినట్టు.
మళ్ళీ ఊదాను. మళ్ళీ అదే.

డాక్టరు వద్దంది. చెప్పే పని నాకు వదిలేసింది.
"మందం సరిపోయిందన్నారుగా?"
కంటి లోపలి ఒత్తిడి రాత్రీపగలూ తోస్తూనే ఉంటుందని,
చెక్కగా మిగిలిన పొర ఆ తోపుకి లొంగితే
ఏళ్ళు గడిచేకొద్దీ ముందుకి ఉబ్బి
వీధిదీపాలకి తోకలు మొలుస్తాయని
చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

సంచిలోంచి రెండు గుడ్డముక్కలు తీశాడు.
రెండూ ఒకే మందం.
"ఏటవాలుగా లాగండి."
ఒకటి బల్లలా నిలబడింది.
రెండోది నా చేతుల్లో సాగి, వంకరపోయి
వదిలేశాక కూడా పూర్తిగా వెనక్కి రాలేదు.
"ఇది ఎండ తిన్నది. చూస్తే తెలీదు,
గాలి చెబుతుంది," అన్నాడు.
తన తీర్పు తానే చదువుకున్నట్టు.

లేచి, అలవాటు కొద్దీ
రెండు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకోబోయాడు.
వద్దంటూ మణికట్టు పట్టుకున్నాను.
గట్టిగానే పట్టుకున్నట్టున్నాను.
డాక్టరు చెప్పిన వద్దు కన్నా
ఈ వద్దే అతనికి ఎక్కువ అవసరం.

కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.
ఒక గుడ్డముక్క బల్ల మీదే ఉండిపోయింది.

గది ఖాళీ అయ్యాక
నేనే కూర్చున్నాను, గడ్డం ఆనించి.
ఒక చేతిలో మీట. రెండో చేతిలో ఆ గుడ్డ.
ఊదింది.
ఇన్ని వేలమందికి ఊదినదాన్ని, ఉలిక్కిపడ్డాను.
తెర అటు తిరిగి వెలుగుతోంది.
లేచి వెళ్ళి చూడడానికి
నాకేమీ తొందర కలగలేదు.