ఒక కాలు నేల మీదే

కేతోకి ఇరవై రెండేళ్లు.
మోచేతుల మీద ఇంకా నూగు ఉంది.
ఈ పొయ్యి దగ్గర వారం నిలబడితే అది మిగలదని
నేను చెప్పలేదు.

"లమారా పిన్నీ, నా వయసులో నీకేం తెలిసుంటే బావుండేది?"
అనడిగింది, పిండి ముద్దని పడవలా సాగదీస్తూ.

ఏం చెప్పను?
పన్ను సలిపిన రోజే పీకించుకోమనా?
ఆ ఏడు త్బిలిసి అంతా చీకటి.
రొట్టె కోసం తెల్లారుజామున మూడింటికే వరుస.
పన్ను గురించి ఎవరికి పట్టింది?
నాలుగు పోయాక పట్టింది.

ఎతేరి సంగతి చెప్పనా?
ఇద్దరికీ ఒకటే కోటు, మార్చి మార్చి తొడుక్కునేవాళ్లం.
జేబు చింపి ఇచ్చిందని మాట మానేశాను.
ఎదురుపడితే కడిగేయాలని మాటలు కూడబెట్టాను,
పదకొండేళ్లు.
ఆ పొదుపు డబ్బులో చేసుంటే
ఈపాటికి ఈ కొట్టు నాదయ్యేది.
చివరికి వాళ్ల చెల్లెలొచ్చి కోటు ఇచ్చి వెళ్లింది.
జేబు కుట్టి ఉంది.
ఎప్పుడు కుట్టిందో అడగలేదు.

నుయ్యి లాంటి మట్టి పొయ్యి ఎర్రబడింది.
గోడకి రొట్టె అతికించాలంటే
ఊపిరి బిగబట్టి, మంటకి మొహం ఇచ్చి
నడుం దాకా లోపలికి వంగాలి.

"ఒక కాలు నేల మీదే ఉంచు" అన్నాను.
"అంతేనా?"
"ముందది నేర్చుకో."

రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి.
నడుముకి కట్టిన తువ్వాలు పట్టి వెనక్కి లాగాను.
కనుబొమలు సగం మాడి, నవ్వుతూ,
రొట్టె అంటుకుందో లేదో తొంగి చూస్తోంది.

అంటుకుంది.
వంకరగా.